బాపు ఆడిన పదకొండు సీజన్లు: పీఎస్4 హార్డ్‌డిస్క్ మార్చిన డైరీ

అక్టోబరు 2, 2024. ఎంగిలిపూల బతుకమ్మ

"బిడ్డా, మళ్ల ఆగింది. జర వచ్చి చూడు."

బాపు పిలిచేసరికి నేను తంగేడు పువ్వు కట్టలు విప్పుతున్నాను. వెళ్లి చూస్తే టీవీలో బ్యాట్స్‌మన్ బ్యాటెత్తి అట్లాగే నిలబడి ఉన్నాడు, బంతి గాలిలోనే ఉంది. నిమిషం గడిచాక ఆట మూసుకుపోయి ఎర్రర్ వచ్చింది: సీఈ-34878-0. ఆట మధ్యలో కూలిపోయిందని చెప్పడానికి వచ్చే మామూలు కోడ్ ఇది. కారణం మాత్రం చెప్పదు. ఈ వారంలో నాలుగోసారి.

టీవీ స్టాండు దగ్గర కింద కూర్చుని కన్సోల్‌కు, అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెకు, చెవి ఆనించి విన్నాను. ఫ్యాన్ హోరు అడుగున ఇంకో చప్పుడు ఉంది. టిక్. కాసేపాగి టిక్, టిక్. మళ్లీ నిశ్శబ్దం. లోపల హార్డ్‌డిస్క్ పళ్లెం మీద చదివే ముల్లు ఒక చోట పట్టు దొరక్క వెనక్కి పోయి మళ్లీ ప్రయత్నిస్తున్నప్పుడు వచ్చే చప్పుడది. బడిలో పాత కంప్యూటర్ పోయే ముందు ఇట్లాగే చేసింది, అందుకే గుర్తుపట్టాను.

కన్సోల్ సంగతి చెప్తాను. పీఎస్4 స్లిమ్, అంటే ప్లేస్టేషన్ 4లో సన్న రకం, 500 జీబీ. తమ్ముడు ఇంజినీరింగ్ చదివేటప్పుడు 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వాడు ఐర్లండ్ పోయి రెండేళ్లయింది. పోయే ముందు బాపు కోసం అందులో ఒక క్రికెట్ ఆట డిస్కు పెట్టి, బాపు పేరుతో ఒక యూజర్ చేసి ఇచ్చి వెళ్లాడు. బాపు ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆ ఆటలో బాపు పేరు మీదే ఒక బ్యాట్స్‌మన్ ఉన్నాడు. జిల్లా స్థాయి నుంచి మొదలుపెట్టి ఇప్పటికి పదకొండు సీజన్లు ఆడాడు. ప్రతి మ్యాచ్ స్కోరూ పాత లెక్కల పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకుంటాడు.

ఆ పదకొండు సీజన్లూ ఉన్నది ఇప్పుడు టిక్ టిక్‌మంటున్న ఆ హార్డ్‌డిస్కులోనే. బాపు యూజర్‌కు ఆన్‌లైన్ అకౌంట్ లేదు, కాబట్టి క్లౌడ్‌లో కాపీ కూడా లేదు. డిస్క్ పోతే అన్నీ పోయినట్టే.

బడికి దసరా సెలవులు మొదలయ్యాయి. ఈ పని నేనే చేస్తాను. రాత్రి బతుకమ్మ ఆడి వచ్చాక ఇది రాస్తున్నాను.

అక్టోబరు 3

కొనే ముందు ఒక మందు వేసి చూద్దామనుకున్నాను. పీఎస్4ను పూర్తిగా ఆపి, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఒక బీప్ వస్తుంది. వదలకుండా ఏడు సెకన్లు ఉంటే రెండో బీప్. అప్పుడు వదిలితే సేఫ్ మోడ్, అంటే మరమ్మతులకు పనికొచ్చే మెనూ, తెరుచుకుంటుంది. అందులో ఐదో వరుస రీబిల్డ్ డేటాబేస్. ఇది ఆటలను, సేవ్‌లను (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఫైళ్లను) తుడిచెయ్యదు. డిస్కులో ఏది ఎక్కడుందో రాసుకున్న జాబితాను మళ్లీ మొదటి నుంచి తయారు చేస్తుంది. కరెంటు పోయి కన్సోల్ అర్ధాంతరంగా ఆగిపోయే మా వీధుల్లో ఇది తెలిసి ఉండాల్సిన పని.

నలభై నిమిషాలు పట్టింది. మెనూలు కొంచెం చురుగ్గా కదిలాయి. బాపు ఒక మ్యాచ్ పూర్తిగా ఆడాడు, 64 కొట్టాడు. రెండో మ్యాచ్‌లో మళ్లీ ఆగింది, టిక్ కూడా వినిపించింది. అంటే తప్పు జాబితాలో లేదు, పళ్లెంలోనే ఉంది. డిస్క్ మార్చాల్సిందే.

"ఇగ ఆడకు బాపూ. దాన్ని ఎంత తిప్పితే అంత చెడుతది" అన్నాను. కంట్రోలర్ తీసి అల్మారాలో పెట్టాడు. ఎప్పుడైతదని మాత్రం రెండుసార్లు అడిగాడు.

అక్టోబరు 4, ముద్దపప్పు బతుకమ్మ

ఏ డిస్క్ కొనాలన్నది ముందే కాగితం మీద రాసుకుని బయల్దేరాను. పీఎస్4లో పట్టేది 2.5 అంగుళాల సాటా డిస్క్, అంటే ల్యాప్‌టాప్‌లో ఉండే సైజు. సాటా అంటే డిస్క్‌ను తగిలించే కనెక్టర్ రకం. మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదు, సామర్థ్యం 160 జీబీకి తగ్గకూడదు. కంపెనీ మాన్యువల్‌లోనే డిస్క్ మార్చే పద్ధతి బొమ్మలతో ఇచ్చారు, కాబట్టి ఇది దొంగచాటు పనేమీ కాదు. ఎక్కువ సామర్థ్యం ఉన్న పోర్టబుల్ డిస్కుల లోపలి నుంచి ఊడదీసినవి కొన్ని ఇంతకంటే మందంగా ఉంటాయి, అవి దూరవు. సన్నగా చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీలు (ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్క్) కూడా ఇందులోకి రావు, వాటిని పెట్టే చోటే లేదు.

హన్మకొండ చౌరస్తా పక్కన ఒక షాపులో 1 టీబీ హార్డ్‌డిస్క్ చూపించారు. "కొత్తదే మేడం, బల్క్‌లో వచ్చింది, అందుకే డబ్బా లేదు" అన్నాడు. ధర తక్కువ. తీసుకొచ్చాను. ఇంటికొచ్చి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, అది అప్పటికే 11,000 గంటల పైన తిరిగిన డిస్క్. రాత్రింబవళ్లు ఆపకుండా తిప్పినా ఏడాది మీద మూడు నెలలు. ఎక్కడో సీసీ కెమెరాల డబ్బాలో పని చేసి వచ్చి ఉంటుందని నా అనుమానం. ఒక చావబోయే డిస్క్ తీసి, సగం ముసలిదాన్ని పెట్టడానికా ఇంత కష్టం? చాలా కోపం వచ్చింది.

డిస్క్ కొన్న వెంటనే, వాడే ముందే ఈ గంటల లెక్క చూసుకోండి. పైన ఎంత మెరుస్తున్నా లోపల ఎన్ని గంటలు తిరిగిందో డిస్కే రాసి పెట్టుకుంటుంది.

అక్టోబరు 5

పొద్దున్నే వెళ్లి, స్క్రీన్ ఫొటో చూపించి డబ్బులు వెనక్కి తీసుకున్నాను. కాసేపు మాటా మాటా అనుకున్నాం గానీ ఇచ్చాడు.

ఇంకో షాపులో సీలు ఉన్న 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాను. ఐదున్నర వేలు. ఎస్‌ఎస్‌డీకే ఎందుకు పోయానంటే, పాత డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. అది కాక ముల్లు ఆ వరుసకు జరిగే సమయం వేరే. ఆట లోడయ్యేటప్పుడు ఇట్లాంటి ముక్కలు వేలల్లో చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. కరెంటు ఉన్నట్టుండి పోతే ముల్లు పళ్లాన్ని గీరుతుందన్న భయం కూడా లేదు.

అయితే వేగం పది రెట్లు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. స్లిమ్‌లో సాటా 3 ఉంది, అంటే దారి సెకనుకు సుమారు 600 ఎంబీ దాకా వెడల్పు. కానీ చదివిన డేటాను విప్పి సర్దే పని 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ ప్రాసెసర్‌ది. 2013 నాటి డిజైన్ అది. బస్తాలు ఎంత తొందరగా దించినా, తూకం వేసేది ఒక్కడే ఉంటే లైను అక్కడ ఆగుతుంది. బాపుకు ఈ మాట చెప్తే వెంటనే అర్థమైంది.

సాయంత్రం బ్యాకప్ మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న పోర్టబుల్ డిస్క్ తగిలిస్తే పీఎస్4 దాన్ని గుర్తుపట్టలేదు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్లు సర్దే పద్ధతిలో ఉంది. పీఎస్4కు ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఈ రెండే తెలుసు. అందులోని పెళ్లి వీడియోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసేసరికి రాత్రి పదయింది.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో బ్యాకప్ అండ్ రిస్టోర్. ఆటలతో సహా మొత్తం టిక్ పెట్టాను. కన్సోల్ తనంతట తానే రీస్టార్ట్ అయి, ఐదు గంటలు పడుతుందని చూపించింది. నేను పడుకున్నాను.

అక్టోబరు 6

పొద్దున లేచి చూస్తే ఎర్రర్. అరవై శాతం దాటాక ఎక్కడో ఆగిపోయింది. టిక్ చప్పుడు నిన్నటికంటే ఎక్కువైంది.

తప్పు ఎక్కడుందో టీ తాగుతూ ఆలోచిస్తే తెలిసింది. చెడిపోతున్న డిస్క్ మీద 300 జీబీ ఆటలు చదివే భారం వేశాను. ఆటలు మళ్లీ వస్తాయి. క్రికెట్ డిస్కు అల్మారాలో ఉంది, మిగతావి తమ్ముడి అకౌంట్ నుంచి డౌన్‌లోడ్ అవుతాయి. మళ్లీ రానివి బాపు సేవ్‌లు ఒక్కటే. ముందు చదవాల్సింది అవి. ఊళ్లో వరద వస్తుంటే మొదట పిల్లల్ని ఎత్తుకుంటాం గానీ బియ్యం బస్తాలు కాదు కదా.

ఈసారి ఆటల పక్కన ఉన్న టిక్ తీసేశాను. 300 జీబీ కాస్తా 7 జీబీ అయింది. కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్‌కు పంపాను. ఆ అరగంట సేపు కరెంటు పోకూడదని ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ ఆపేసి, టీవీ, కన్సోల్ రెండే ఉంచాను. గీత నెమ్మదిగా కదులుతుంటే ప్రతి టిక్‌కూ గుండె ఆగినంత టెన్షన్. 71 శాతం దగ్గర మూడు నిమిషాలు కదల్లేదు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత కదిలింది. నూరు శాతం.

వెంటనే ఆ పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ చేశాను. ఇప్పుడు మూడు చోట్ల ఉంది.

ఈ బ్యాకప్‌లో యూజర్లు, సేవ్‌లు, సెట్టింగ్స్, స్క్రీన్‌షాట్లు వస్తాయి. ట్రోఫీలు రావు. అవి ఆన్‌లైన్ సర్వర్‌తో సింక్ చేస్తేనే ఉంటాయి. తమ్ముడివి సింక్ చేశాను. బాపుకు అకౌంట్ లేదు కాబట్టి ఆయన ట్రోఫీలు పోతాయి. దాచిపెట్టకుండా ఆయనకే చెప్పాను.

"అంటే ఏందవి?"

"మొదటి సెంచరీ కొట్టినప్పుడు పైన చిన్న కప్పు బొమ్మ వచ్చింది కదా, అవి."

కాసేపు ఆలోచించాడు. "కప్పులు పోతే పోనీ బిడ్డా. రన్లు ఉండాలె."

ఆ ట్రోఫీల తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను. పద్నాలుగు ఉన్నాయి.

అక్టోబరు 7, అలిగిన బతుకమ్మ

ఇవాళ బతుకమ్మ ఆడరు. సాయంత్రమంతా ఖాళీ. విప్పడానికి మంచి రోజు.

వైర్లన్నీ పీకేసి, కన్సోల్‌ను పాత దుప్పటి మీద పెట్టాను. స్లిమ్‌లో పెద్ద మూతలేవీ తీయక్కర్లేదు. వెనక మూలన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, వేలితో లాగితే ఊడొస్తుంది. దాని లోపల ఒకే ఒక్క స్క్రూ. స్క్రూ తల మీద కంట్రోలర్‌లో ఉండే ఆ నాలుగు గుర్తులే చెక్కి ఉన్నాయి: త్రికోణం, సున్నా, ఇంటూ, చతురస్రం. ఎవరూ చూడని మూలన ఉండే స్క్రూ మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లంటే నాకు గౌరవం కలిగింది.

స్క్రూడ్రైవర్ మాత్రం సరైనది కావాలి. ఇంట్లో ఉన్నది పెద్దది, పెట్టి తిప్పబోతే జారింది. ఇంకోసారి జారితే తల అరిగిపోతుందని ఆపేశాను. వీధి చివర వాచీలు, మిక్సీలు బాగుచేసే కాక దగ్గరికి వెళ్లి సన్న ప్లస్ స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చాను. గట్టిగా కిందికి అదిమి, నెమ్మదిగా ఎడమకు తిప్పితే కదిలింది.

స్క్రూ తీశాక నల్లటి చిన్న పట్టీ కనిపించింది. దాన్ని పట్టుకుని నేరుగా లాగితే డిస్క్, దాన్ని పట్టి ఉంచే ఇనుప ఫ్రేము కలిసి బయటికి వచ్చాయి. ఆ ఫ్రేముకు పక్కల నాలుగు స్క్రూలు. పాత డిస్క్ తీసి, ఎస్‌ఎస్‌డీ పెట్టి, అవే స్క్రూలు బిగించాను. ఎస్‌ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు, పాతదానికంటే సన్నం. అయినా స్క్రూ రంధ్రాలు, కనెక్టర్ సరిగ్గా అదే చోట ఉన్నాయి. లోపలికి తోసినప్పుడు చివరలో చిన్న బిగువు తగిలి కూర్చుంటుంది. ఆ బిగువు తగలకుండా స్క్రూ బిగించొద్దు.

డిస్క్ గూట్లో పెద్దగా దుమ్ము లేదు. కానీ బయట పక్క గాడిలో, గాలి పీల్చుకునే సందుల్లో టార్చ్ వేసి చూస్తే తెల్లగా కనిపించింది. గుచ్చే పుల్లతో మెల్లగా లాగితే తాడులా సాగుతూ వచ్చింది. దుమ్ము కాదు, పత్తి. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్ దారిలోనే. పత్తి బండ్లు వచ్చే నెలల్లో కిటికీ చువ్వల మీద కూడా ఈ నూగు పేరుకుంటుంది. ఆరేళ్ల పత్తి అది. ముప్పై ఏళ్లు ఆ పత్తి లెక్కలు రాసిన మనిషి ఆడుకునే పెట్టెలోకీ అదే పోయింది. అరచేతిలో పెట్టి చూపిస్తే బాపు రెండు వేళ్ల మధ్య సాగదీసి, "పింజ పొడుగు మంచిగనే ఉన్నది" అన్నాడు.

మా వైపు ఉండేవాళ్లు డిస్క్ మార్చకపోయినా ఏడాదికోసారి ఈ సందులు చూసుకోవాలి. కన్సోల్‌ను పత్తి కాలంలో కిటికీ పక్కన పెట్టడం తప్పు.

విప్పి బిగించడం మొత్తం ఇరవై నిమిషాల పని.

అక్టోబరు 8

కొత్త డిస్క్ ఖాళీ. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మనమే ఎక్కించాలి. ఇక్కడ చాలామంది తప్పు ఫైల్ దించుకుంటారు. కంపెనీ సైట్‌లో రెండు రకాలుంటాయి. ఒకటి ఉన్నదాన్ని అప్‌డేట్ చేసేది, సుమారు అర జీబీ. ఇంకోటి మొదటి నుంచి ఎక్కించే రీఇన్‌స్టాలేషన్ ఫైల్, ఒక జీబీ పైన ఉంటుంది. ఖాళీ డిస్కుకు పెద్దదే కావాలి.

బ్యాకప్ ఉన్నది కాకుండా ఇంకో పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32కు ఫార్మాట్ చేసి, అందులో పీఎస్4 అని ఒక ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అని ఇంకో ఫోల్డర్ చేశాను. రెండు పేర్లూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. ఆ లోపల ఫైల్ పెట్టి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లాను.

కంట్రోలర్ పలకలేదు. సేఫ్ మోడ్‌లో బ్లూటూత్ పని చెయ్యదు, వైరు కావాలని తెలుసు. వైరు పెట్టాను. అయినా పలకలేదు. చివరికి తేలిందేమిటంటే, అది పవర్ బ్యాంక్‌తో వచ్చిన వైరు. చార్జింగ్ మాత్రమే పోతుంది, డేటా పోదు. అమ్మ పాత ఫోన్ వైరు పెడితే వెంటనే వెలిగింది.

ఏడో వరుస: ఇనిషియలైజ్ పీఎస్4, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం. ఓకే నొక్కితే ఎస్‌యూ-41333-4. అప్‌డేట్ ఫైల్ దొరకలేదట. ఫోల్డర్లు మూడుసార్లు చూశాను, అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ మార్చాను. మళ్లీ అదే.

గంట తర్వాత కళ్లు మండుతుంటే ల్యాప్‌టాప్‌లో ఫైల్ పేరు అక్షరం అక్షరం చదివాను. పేరు చివర బ్రాకెట్లో 1 ఉంది. పొద్దున మొదటిసారి డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే రెండోసారి దించాను. బ్రౌజర్ ఆ రెండోదానికి తనంతట తాను ఒకటి తగిలించింది. పీఎస్4 వెతికేది ఒకే ఒక్క పేరు కోసం. ఆ బ్రాకెట్, దాని ముందున్న ఖాళీ చెరిపేసి మళ్లీ పెట్టాను.

గీత కదిలింది. పది నిమిషాల్లో ఎక్కింది. ఆ తర్వాత భాష ఎంచుకోమని అడిగే తెర, కొత్త కన్సోల్ కొన్నప్పుడు వచ్చేది. టిక్ చప్పుడు లేదు. ఫ్యాన్ గాలి తప్ప ఏమీ వినిపించడం లేదు.

స్టోరేజ్ చూస్తే సుమారు 860 జీబీ చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడనుకోకండి. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెట్టిన 1 టీబీ, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కపెడితే 931 అవుతుంది. మిగతాది సిస్టమ్ తన కోసం అట్టేపెట్టుకుంటుంది.

అక్టోబరు 9, వెన్నముద్దల బతుకమ్మ

పొద్దున పెన్‌డ్రైవ్ నుంచి రిస్టోర్ పెట్టాను. పావుగంట. రీస్టార్ట్ అయ్యాక తెర మీద ఇద్దరు యూజర్లు: తమ్ముడు, పక్కన బాపు. బాపు బొమ్మ కూడా తమ్ముడు పెట్టి వెళ్లిన పసుపు రంగుదే.

క్రికెట్ డిస్కు పెట్టి ఇన్‌స్టాల్ చేశాను. బాపు కుర్చీ జరుపుకుని ముందుకు వచ్చాడు. అమ్మ పువ్వులు పక్కన పెట్టి వచ్చింది. ఆట తెరిచి, కెరీర్ అన్న చోట నొక్కాను.

సేవ్ లోడ్ కాలేదు. డేటా పాడైందని చూపించి, కొత్త కెరీర్ మొదలుపెట్టమంటావా అని అడిగింది.

ఎవరం మాట్లాడలేదు. బాపు లేచి బయట అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

నేను ఆ అవును అన్న బటన్ నొక్కలేదు. నొక్కితే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. వెనక్కి వచ్చి, ఆట మూసేసి, సేవ్‌ల జాబితా చూశాను. ఫైల్ ఉంది. సైజు ఉంది. ఆఖరి తారీఖు అక్టోబరు 3, అదే 64 కొట్టిన మ్యాచ్. మరి ఎందుకు చదవడం లేదు?

తమ్ముడికి వీడియో కాల్ చేశాను. వాడు విని వెంటనే అడిగాడు. "అక్కా, ఆటకు అప్‌డేట్ ఎక్కించినవా?"

అప్పుడు వెలిగింది. క్రికెట్ డిస్కులో ఉన్నది ఆట విడుదలైన మొదటి రోజు వెర్షన్. బాపు ఇన్నాళ్లూ ఆడింది తర్వాత వచ్చిన అప్‌డేట్లన్నీ ఎక్కిన వెర్షన్. కొత్త వెర్షన్ రాసిన సేవ్‌ను ఈ పాత వెర్షన్ చదవలేక, పాడైందని చెప్తోంది. నేను బ్యాకప్‌లో ఆటల టిక్ తీసేసినప్పుడు ఆ అప్‌డేట్లు కూడా పోయాయి. కన్సోల్‌ను ఇంకా నెట్‌కు కలపలేదు కాబట్టి అది తనంతట దించుకోలేదు.

అరుగు మీదికి వెళ్లి బాపుకు చెప్పాను. "రన్లు ఉన్నయి. ఫైల్ కనవడ్తుంది. చదివే పుస్తకం పాతది పెట్టిన, అంతే."

"నిజంగనా?"

"నిజంగ."

వైఫై కలిపాను. ఆరు జీబీ పైన అప్‌డేట్. మా నెట్‌కు రాత్రంతా పడుతుంది.

అక్టోబరు 10, సద్దుల బతుకమ్మ

తెల్లారి ఇంకా 40 శాతం. ఇంటినిండా పువ్వులు, సత్తుపిండి వాసన. బతుకమ్మ పేర్చడం, నైవేద్యాలు, మధ్యమధ్యలో వచ్చి ఆ గీతను చూడడం. సాయంత్రం పద్మాక్షి గుట్టకు బయల్దేరేటప్పుడు 88. బాపు మాతో రాలేదు, మోకాళ్లు. "నేను ఇంటికాడనే ఉంట, దాన్ని చూసుకుంట" అన్నాడు.

గుట్ట దగ్గర జనంలో ఫోన్ మోగితే వినిపించలేదు. బతుకమ్మను నీళ్లలో సాగనంపి, ఒడ్డుకు వచ్చి చూస్తే ఇంటి నుంచి మూడు మిస్డ్ కాల్స్. చేశాను. వెనక స్టేడియం చప్పుడు, చప్పట్లు.

"వచ్చింది బిడ్డా. పన్నెండో సీజన్, రెండో మ్యాచ్. నేనే మొదటి బ్యాటింగ్."

అమ్మకు ఫోన్ ఇచ్చాను. నాకు మాట రాలేదు.

అక్టోబరు 11

కొలతలు. ఫోన్ స్టాప్‌వాచ్‌తో, ఒక్కోటి మూడుసార్లు తీసి మధ్యది రాశాను. పాత డిస్క్ లెక్క అక్టోబరు 3న, రీబిల్డ్ తర్వాత తీసింది. పవర్ నొక్కినప్పటి నుంచి యూజర్ ఎంపిక తెర: అప్పుడు 41 సెకన్లు, ఇప్పుడు 27. కెరీర్ మెనూ నుంచి మ్యాచ్ మొదలయ్యేదాకా: అప్పుడు 68, ఇప్పుడు 39. పాత డిస్క్ అప్పటికే జబ్బు మనిషి కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న డిస్కుతో పోలిస్తే తేడా ఇంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది.

బాపుకు నచ్చింది ఈ అంకెలు కాదు. చప్పుడు లేకపోవడం. "కామెంటరీ మంచిగ వినవడ్తుంది" అంటున్నాడు.

అక్టోబరు 13

నిన్న దసరా. జమ్మి ఆకు పెట్టి పెద్దల కాళ్లు మొక్కాక, వాచీల కాకకు స్క్రూడ్రైవర్ తిరిగి ఇచ్చి వచ్చాను. డబ్బులు తీసుకోలేదు, జమ్మి తీసుకున్నాడు.

ఇవాళ పాత డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. తగిలించగానే విండోస్ ఈ డిస్క్‌ను ఫార్మాట్ చెయ్యమంటావా అని అడగొచ్చు. వద్దు అనాలి. పీఎస్4 తన డిస్కులోని డేటాను ఆ కన్సోల్‌కే చెందిన తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, కాబట్టి కంప్యూటర్ దాన్ని చదవలేదు. లోపలి ఫైళ్లు చూడలేం గానీ, డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్క మాత్రం చూడొచ్చు. పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేక అనుమానం కింద పెట్టిన చోట్లు, 112. ఇప్పటికే పనికిరావని పక్కన పెట్టి, వాటి బదులు వేరే చోట్లు వాడుకున్నవి 340. ఆరోగ్యంగా ఉన్న డిస్కులో ఈ రెండూ సున్నా ఉండాలి.

దాన్ని కవర్లో పెట్టి, పైన తారీఖు, ఇది కన్సోల్‌కు మళ్లీ పెట్టొద్దు అని రాసి, దీపావళి దాకా అల్మారాలో ఉంచుతాను. అప్పటిదాకా కొత్తది సరిగ్గా నడిస్తే పాతది తుడిచేసి ఈ-వేస్ట్‌కు ఇచ్చేస్తాను.

ఇంకో పని మిగిలింది. ప్రతి నెలా మొదటి ఆదివారం బాపు సేవ్‌ల బ్యాకప్. ఆయన తన లెక్కల పుస్తకంలోనే దానికి ఒక వరుస గీశాడు: తారీఖు, సీజన్, మ్యాచ్, కాపీ తీసినామా లేదా. మొదటి వరుసలో ఇవాళ్టి తారీఖు రాసి, పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.